యాంగ్రీ బర్డ్స్ 2: రివ్యూల్లో తిట్లు, డౌన్‌లోడ్లలో రికార్డు... అసలు ఆట ఆ తర్వాతే!

కీప్యాడ్ ఫోన్లో ఎర్ర బంతి ఆట గుర్తుందా? అదేనండీ, ‘బౌన్స్ టేల్స్’. నాన్న ఇంటికి రాగానే ఫోన్ లాక్కుని బటన్లు అరిగేదాకా నొక్కిన బ్యాచ్ మనది. నోకియా కోసం ఆ ఆటను తయారుచేసింది ఫిన్లాండ్‌లోని ఓ చిన్న కంపెనీ అని మాత్రం చాలామందికి తెలీదు. దాని పేరు రోవియో. ఫిన్నిష్ భాషలో ఆ మాటకి పెద్ద మంట అని అర్థం. మన భోగి మంట లాంటిదన్నమాట. 2008లో వచ్చిన బౌన్స్ టేల్స్ కూడా సీక్వెలే. అయితే దానికి రివ్యూలు లేవు, కలెక్షన్ల గొడవా లేదు. ఫోన్ కొంటే లోపల ఉండేది, అంతే.

ఏడేళ్ల తర్వాత అదే కంపెనీ ఇంకో సీక్వెల్ తెచ్చింది. ఈసారి లోకమంతా మాట్లాడింది. రివ్యూ రాసేవాళ్లు మొహం చిట్లించారు, జనం కోట్లలో డౌన్‌లోడ్ చేశారు. నెల తిరక్కుండానే కంపెనీ వందల మందిని ఇంటికి పంపుతున్నామని చెప్పింది. ఫ్లాప్ అనుకున్న అదే ఆట రెండేళ్లకి కంపెనీని షేర్ మార్కెట్ మెట్లెక్కించింది. చివరికి తనకు జన్మనిచ్చిన మొదటి ఆటనే స్టోర్‌లోంచి బయటికి పంపేదాకా వెళ్లింది కథ. ఆ సీక్వెలే ‘యాంగ్రీ బర్డ్స్ 2’. ఒక ఆట హిట్టా ఫట్టా అని ఎవరు తేలుస్తారు? రివ్యూనా, డౌన్‌లోడా, డబ్బా? ఈ మూడూ ఒకే ఆట గురించి మూడు రకాలుగా చెప్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఇంతకంటే మంచి కేసు నాకు దొరకలేదు.

యాభై రెండో ప్రయత్నం

ముందు మొదటి పిట్ట సంగతి. 2003లో ముగ్గురు విద్యార్థులు మొదలుపెట్టిన ఈ కంపెనీ 2009 నాటికి దాదాపు చేతులెత్తేసే స్థితిలో ఉంది. అప్పటికే యాభై ఒక్క ఆటలు చేశారు. వాటిలో చాలావరకు వేరేవాళ్ల కోసం చేసిపెట్టినవే. యాభై రెండోది యాంగ్రీ బర్డ్స్. 2009 డిసెంబర్‌లో ఐఫోన్‌లోకి వచ్చింది. ధర 99 సెంట్లు, అంటే అప్పటి లెక్కలో మన యాభై రూపాయల లోపే. ఒకసారి కడితే చాలు, ఆట మొత్తం మనదే.

మరుసటి ఏడాది అక్టోబర్‌లో ఆండ్రాయిడ్‌లోకి యాడ్స్‌తో ఫ్రీగా దిగింది. నిజం మాట్లాడుకుంటే మనోళ్లలో ఎక్కువమంది ఆ యాభై కూడా కట్టలేదు. కొందరైతే ప్లే స్టోర్ దాకా కూడా వెళ్లలేదు. మెమరీ కార్డు ఇస్తే పాటలు, సినిమాలతోపాటు ఆటలూ ఎక్కించే షాపులు అప్పట్లో ప్రతి బస్టాండ్ పక్కనా ఉండేవి. ఒకడి ఫోన్లోకి వస్తే బ్లూటూత్‌లో క్లాసంతా పాకేది.

ఆ తర్వాత రోవియో పిట్టల్ని దేన్నీ వదల్లేదు. పండగలకి ఒకటి, ‘రియో’ సినిమాకి ఒకటి, అంతరిక్షంలో ఒకటి, ‘స్టార్ వార్స్’తో ఒకటి... వరసపెట్టి దించింది. బ్యాగులు, టీషర్టులు, వాటర్ బాటిళ్లు సరేసరి. అసలు ఆట పేరు వెనక నేరుగా ‘2’ అన్న అంకె మాత్రం పెట్టలేదు. ఈలోగా జనానికి మొహం మొత్తింది. 2013లో 17 కోట్ల యూరోలు దాటిన కంపెనీ రాబడి 2014లో 15.8 కోట్లకి దిగింది. లాభమైతే ఇంకా దారుణంగా పడిపోయింది. అదే ఏడాది చివర్లో నూటపది మంది దాకా ఉద్యోగాలు పోయాయి.

అలాంటి టైంలో 2015 జూలై 30న ‘2’ వచ్చింది. మొదటి ఆట తర్వాత అయిదున్నరేళ్లకి!

‘మళ్లీ ఆడు’ బటన్‌కి రేటు కట్టారు

రివ్యూలు రాసినవాళ్లకి నచ్చని భాగం తక్కువేం కాదు, కానీ ముందు నచ్చింది చెప్పుకోవాలి. బొమ్మలు అదిరిపోయాయని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. పందుల మొహాల్లో భయం, పిట్టల మొహాల్లో కోపం కార్టూన్ సినిమాలా కదిలాయి. మొదటి ఆటలో ఏ పిట్ట తర్వాత ఏది రావాలో ఆటే నిర్ణయించేది. ఇందులో పిట్టలు పేకముక్కల్లా మన చేతిలో ఉంటాయి, ఏది ముందు విసరాలో మన ఇష్టం. బాగా పగలగొడితే ఒక మీటర్ నిండి ఇంకో పిట్ట చేతికొస్తుంది. ఒక్కో లెవెల్లో రెండు మూడు గదులు, మధ్యలో పెద్ద పందులతో ఫైట్లు. ఇదంతా బాగుందన్నారు.

తేడా కొట్టింది హార్ట్స్ దగ్గర.

మొదటి యాంగ్రీ బర్డ్స్ మత్తు ఎక్కడుండేదో ఆడినవాళ్లకి తెలుసు. పిట్ట గురి తప్పింది, వెంటనే మళ్లీ మొదలు. ఇంకో అర అంగుళం వెనక్కి లాగి వదిలితే పడుతుందేమో. పడలేదు, మళ్లీ. ఇరవైసార్లు ఓడినా ఎవడూ ఏమనడు, ఎక్కడా ఏదీ తగ్గదు. ఆ గుండ్రటి బాణం గుర్తు బటనే ఆట ప్రాణం. ఓడిపోవడం ఫ్రీ కాబట్టే అంతసేపు ఆడాం. మూడు స్టార్లు పడేదాకా ఒకే లెవెల్‌ని అన్నం కూడా మానేసి ఆడినవాళ్లు నాకు తెలుసు.

రెండో ఆటలో ఐదు హార్ట్స్ ఇచ్చారు. లెవెల్ ఓడితే ఒకటి పోతుంది. ఐదూ అయిపోతే అవి మళ్లీ నిండేదాకా ఆగాలి. ఆగలేకపోతే జెమ్స్ పెట్టి కొనుక్కోవాలి. జెమ్స్ అయిపోతే నిజం డబ్బు పెట్టాలి. గెలుపు అంచున పిట్టలు అయిపోతే ఇంకో పిట్టనిస్తాం, జెమ్స్ ఇవ్వు లేదా యాడ్ చూడు అంటుంది. పైగా అదే లెవెల్ మళ్లీ ఆడితే పందులు, కట్టడాలు అచ్చం అలాగే ఉండవు, మారిపోతాయి. అంటే నిన్నటి ఓటమి నుంచి నేర్చుకున్న గురి ఇవాళ పూర్తిగా పనికిరాదు. ఓడిపోవడానికి రేటు పెట్టారు, నేర్చుకోవడానికీ అడ్డం పెట్టారు. రివ్యూల కోపమంతా ఈ ఒక్క చోటే.

అందరూ అలాగే తిట్టలేదు. ఫ్రీ ఆటలన్నీ ఇలాగే ఉన్నాయి కదా, దీన్నొక్కదాన్నే ఎందుకు అనడం అన్నవాళ్లూ ఉన్నారు. ‘క్యాండీ క్రష్’ అప్పటికే హార్ట్స్ అలవాటు చేసేసింది మరి. అందుకే మొత్తమ్మీద టాక్ మిక్స్‌డ్. స్టోర్‌లో జనం ఇచ్చిన స్టార్లు మాత్రం బాగానే పడ్డాయి.

నేను పనిచేసేది ఆదిభట్లలో, టెస్టింగ్ ఉద్యోగం. ఎల్బీ నగర్ నుంచి సాగర్ రోడ్డు మీద కంపెనీ బస్సు. ఈ వ్యాసం కోసం ఓ వారం రోజులు రోజూ బస్సులో యాంగ్రీ బర్డ్స్ 2 ఆడాను. మొదటి రెండ్రోజులు సాఫీగా పోయింది. ఆట మనల్ని బాగా గెలిపిస్తుంది, మెచ్చుకుంటుంది, పెట్టెలు తెరిచి బహుమతులిస్తుంది. నాలుగో రోజు నుంచి తుర్కయంజాల్ దాటేలోపే హార్ట్స్ ఖాళీ. బొంగుళూరు గేట్ దాకా ఇక కిటికీలోంచి చూడ్డమే. టెస్టింగ్ చేసేవాడిగా ఒకటి చెప్పగలను: ఇది బగ్ కాదు. ఎక్కడ గెలిపించాలో, ఎక్కడ ఆపాలో లెక్కేసి కట్టిన డిజైన్. ఆ లెక్క తప్పకుండా పనిచేస్తోంది. ఆ పనితనానికి నా మెప్పు, ఆ ఉద్దేశానికి కాదు.

పక్క సీట్లో జూనియర్ తమ్ముడు తొంగిచూసి, ‘అన్నా, ఇంకా గిది ఆడుతున్నవా? మస్తు పాతది గదా’ అన్నాడు. వాడి ఫోన్లో ఫ్రీ ఫైర్. దానికి ఎంత పెట్టావురా అంటే నవ్వి ఊరుకున్నాడు.

రెండు కోట్లు... ఆ తర్వాత 213 మంది

ఇక లెక్కలు. విడుదలైన 12 గంటల్లో పది లక్షల డౌన్‌లోడ్లు. మొదటి వారంలో 2 కోట్లు. రెండు వారాలకి 3 కోట్లు. మన భాషలో చెప్పాలంటే బెనిఫిట్ షోలు కూడా హౌస్‌ఫుల్.

అప్పటి సీక్వెల్స్ అన్నీ ఇలాగే ఊపేశాయి. రెండేళ్ల ముందు, 2013 జనవరిలో ‘టెంపుల్ రన్ 2’ నాలుగు రోజుల్లో 2 కోట్లు, పదమూడు రోజుల్లో 5 కోట్ల డౌన్‌లోడ్లు దాటింది. దాన్ని చేసింది అమెరికాలో ఇద్దరు భార్యాభర్తలు మొదలుపెట్టిన బుల్లి కంపెనీ. అదే ఏడాది ఆగస్టులో ‘ప్లాంట్స్ వర్సెస్ జాంబీస్ 2’ ఐదు రోజుల్లో 1.6 కోట్లు. అదీ మొదటి భాగం డబ్బులకి అమ్మి, రెండోది ఫ్రీగా ఇచ్చినదే. అక్కడా ఇదే గొడవ జరిగింది.

సినిమాతో పోల్చొద్దు అంటారు కానీ తేడా తెలియాలంటే పోల్చాల్సిందే. ‘బాహుబలి 2’కి మొదటి రోజు హాలు నిండిందంటే ఆ సీట్లన్నింటికీ టికెట్ డబ్బులు వచ్చేసినట్టే. సినిమా బాగుందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. ఫ్రీ ఆట అలా కాదు. అందరినీ ఊరికే హాల్లోకి రానిచ్చి, ఇంటర్వెల్లో పాప్‌కార్న్ అమ్ముకునే వ్యాపారమది. రెండు కోట్ల మంది వచ్చారు, సరే. పాప్‌కార్న్ ఎంతమంది కొన్నారు?

తక్కువమందే. డౌన్‌లోడ్ చార్టుల్లో పైన వెలిగిన ఆట, వసూళ్ల చార్టుల్లో ఆ ఎత్తుకి ఎక్కలేకపోయింది. పాత యాంగ్రీ బర్డ్స్ మీద ప్రేమతో వచ్చినవాళ్లు నాలుగు రోజులు ఆడి, హార్ట్స్ అయిపోగానే వెళ్లిపోయారు. 2015 ఆగస్టు 26న, అంటే ఆట వచ్చి నెల కూడా నిండకముందే, రోవియో 260 మంది వరకు తగ్గిస్తామని ప్రకటించింది. ఉన్న ఉద్యోగుల్లో మూడో వంతు కంటే ఎక్కువ. చర్చలన్నీ అయ్యాక అక్టోబర్‌లో ఆ సంఖ్య 213 దగ్గర ఆగింది. ఆ నిర్ణయానికి ఈ ఒక్క ఆటే కారణం అనలేం, బొమ్మలు, సినిమా, పుస్తకాలు అంటూ కంపెనీ అప్పటికే చాలా చేతులు చాచింది. కానీ ‘రెండు కోట్ల డౌన్‌లోడ్లు’ అన్న వార్త, ‘ఉద్యోగాల కోత’ అన్న వార్త ఒకే నెలలో రావడం మన ఐటీ జనానికి ఎలా తగులుతుందో వేరే చెప్పాలా. రిలీజ్ సక్సెస్ అని కేక్ కోసిన టీమే కదా అది.

మన దగ్గర పాప్‌కార్న్ కొనకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2015లో మనలో ఎంతమందికి క్రెడిట్ కార్డు ఉంది? యూపీఐ అనే మాటే లేదు, అది వచ్చింది 2016లో. యాదృచ్ఛికమో ఏమో, యాంగ్రీ బర్డ్స్ 2 వచ్చిన ఆ జూలైలోనే గూగుల్ మన దేశంలో యాప్‌ల కనీస ధరని యాభై రూపాయల నుంచి పదికి దించింది. కొనాలనే మనసు ఉన్నా కట్టే దారి లేని జనం ఉన్నారని వాళ్లకీ తెలిసింది. ఇవాళ లెక్క వేరు. పది రూపాయల చాయ్‌కి స్కాన్ చేసే చేత్తోనే జెమ్స్ కొనేయొచ్చు. దారి సులువైంది, అదే ఇప్పుడు ఇళ్లలో తంటా.

ఫ్లాప్ అన్నదే దున్నేసింది

సినిమా అయితే ఫ్లాపైన ప్రింట్ డబ్బాలోకి వెళ్లిపోతుంది. ఈ రకం ఆట అలా కాదు, విడుదలయ్యాక కూడా మారుతూనే ఉంటుంది. రోవియో పాత ఆటలకి కొత్తవి చేర్చడం తగ్గించి దీన్నే పట్టుకుంది. ఇతరులతో పోటీపడే అరీనాని పెంచారు, క్లాన్లు పెట్టారు, పిట్టలకి టోపీలు అమ్మారు, వారం వారం ఈవెంట్లు నడిపారు. 2016లో వచ్చిన యాంగ్రీ బర్డ్స్ సినిమా ప్రపంచవ్యాప్తంగా దాదాపు 35 కోట్ల డాలర్లు రాబట్టింది. ఆ ఊపూ కలిసొచ్చింది. వదిలేసి పోయినవాళ్లు పోగా మిగిలినవాళ్లు గట్టిగా ఖర్చుపెట్టేవాళ్లు. రివ్యూలు తిట్టిన ఆ హార్ట్స్, ఆ జెమ్సే మెల్లగా కంపెనీకి అతి పెద్ద రాబడి అయ్యాయి.

2017 సెప్టెంబర్‌లో రోవియో హెల్సింకీ షేర్ మార్కెట్లోకి వెళ్లింది. షేరు 11.50 యూరోలు, కంపెనీ విలువ దాదాపు 90 కోట్ల యూరోలు. ఆ ఏడాది రాబడి 29.7 కోట్ల యూరోలు, ముందు ఏడాది కంటే సగానికి సగం పెరిగింది. దాని వెనక పెద్ద ఇంజిన్ యాంగ్రీ బర్డ్స్ 2. పట్టుమని ఐదు నెలలు కాలేదు, 2018 ఫిబ్రవరిలో కంపెనీ ‘ఈసారి అంత పెరగకపోవచ్చు’ అనగానే షేరు ఒక్కరోజులో సగానికి కూలింది. కొత్త ఆటగాళ్లని తెచ్చుకోవడానికి ప్రకటనల ఖర్చు అంతలా పెరిగింది మరి. ఫ్రీగా రానివ్వడం కూడా ఫ్రీ కాదు!

ఇందులో నాకు బాగా గుచ్చుకున్న భాగం మాత్రం పాత ఆటకి పట్టిన గతి. 2019లో మొదటి యాంగ్రీ బర్డ్స్‌తోపాటు పాతవి కొన్నింటిని స్టోర్‌లలోంచి తీసేశారు. అభిమానులు గోల చేశారు, మా పాత పిట్టని మాకివ్వండి అని నెట్‌లో ఉద్యమమే నడిపారు. 2021లో కంపెనీ బహిరంగ లేఖ రాసి దిగొచ్చింది. 2022 మార్చి 31న మొదటి ఆటని కొత్త సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ కట్టి విడుదల చేసింది. అదే 99 సెంట్లు. హార్ట్స్ లేవు, జెమ్స్ లేవు. గుండ్రటి బాణం బటన్ ఉంది, ఎన్నిసార్లు నొక్కినా ఎవడూ లెక్కెట్టడు.

ఏడాది కూడా పూర్తికాలేదు. 2023 ఫిబ్రవరి 23న దాన్ని ప్లే స్టోర్‌లోంచి తీసేశారు. ఐఫోన్‌లో పేరు మార్చి ‘రెడ్స్ ఫస్ట్ ఫ్లైట్’ అన్నారు, అంటే ‘యాంగ్రీ బర్డ్స్’ అని వెతికేవాళ్లకి ఆ పేరుతో కనిపించదు. కారణం దాచలేదు కూడా. ఆ ఆట ఉండటం వల్ల మా మిగతా ఆటల మీద ప్రభావం పడుతోంది, అందుకే అన్నారు. ఇంకోలా చెప్పాలంటే, ఒకసారి యాభయ్యో ఎనభయ్యో కట్టి జీవితాంతం ఆడుకునే పాత పిట్ట పక్కనే ఉంటే, జెమ్స్ అడిగే కొత్త పిట్టల వైపు జనం రావట్లేదన్నమాట. బాగోలేదని ఆట తీసేయడం చూశాం. మరీ బాగుందని తీసేయడం నేనైతే ఇదే చూడటం.

2015లో రివ్యూలు రాసినవాళ్లు తప్పా, ఒప్పా? వసూళ్లు చూస్తే తప్పు. 2023లో ఆ 99 సెంట్ల ఆటకి కంపెనీయే భయపడిన తీరు చూస్తే, వాళ్లు పట్టుకున్న నరం సరైనదే. రెండూ నిజమే. నా ఓటు రివ్యూల వైపే, ఎందుకంటే ఆట ఎలా ఉంది అని అడిగితే ఎంత సంపాదించింది అన్నది జవాబు కాదు. మన దగ్గర సినిమాకి కూడా ఈ రెండూ కలిపేసి వంద కోట్ల క్లబ్బు గురించి కొట్టుకుంటాం, అది వేరే కథ.

ఆ ఫిబ్రవరి తర్వాత రెండు నెలలకే, ఏప్రిల్‌లో, జపాన్‌కి చెందిన సెగా రోవియోని కొంటున్నట్టు ప్రకటించింది. ఆగస్టుకల్లా డీల్ అయిపోయింది. మొత్తం 70.6 కోట్ల యూరోలు, షేరుకి 9.25. మార్కెట్లోకి వచ్చిన రోజు ధర కంటే తక్కువే. ‘సోనిక్’ ఎలుక లాంటి బొమ్మ ఉన్న కంపెనీయే ఈ సెగా. అది ముళ్లపంది అని మా తమ్ముడు సరిదిద్దుతాడు, సరే ముళ్లపందే. పందులకీ పిట్టలకీ ఒకే యజమాని అన్నమాట ఇప్పుడు.

ఇంకో మాట. ఇంట్లో చిన్నపిల్లలు మీ ఫోన్లో ఇలాంటివి ఆడుతుంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టుకోండి. రెండు నిమిషాల పని. ఇక 2022లో వచ్చిన ఆ పాత పిట్టని అప్పట్లో కొనుక్కున్నవాళ్లెవరైనా ఉంటే, ఆ ఫోన్ని మార్పిడి ఆఫర్‌లో ఇచ్చేసే ముందు ఒకసారి చూసుకోండి. స్టోర్‌లోంచి తీసేసినా, ముందే దించుకున్న ఫోన్లలో అది ఆడుతూనే ఉంటుందని కంపెనీ అప్పుడే చెప్పింది.